పారాసెటమాల్ సిరప్: పీహెచ్ తగ్గిస్తే రంగు మారుతోంది, పెంచితే ప్రిజర్వేటివ్ పనిచేయడం లేదు

ప్రశ్న:
నమస్కారం. పిల్లలకు వాడే పారాసెటమాల్ సిరప్‌ (5 మి.లీ.లో 125 మి.గ్రా.) ఫార్ములేషన్ మీద పనిచేస్తున్నాను. చక్కెర పాకం, ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్‌లతో పాటు ప్రిజర్వేటివ్‌గా సోడియం బెంజోయేట్ వాడాను. పీహెచ్ 6 వద్ద ఉంచిన బ్యాచ్ సూక్ష్మజీవుల పరీక్షలో నిలవలేదు. సిట్రిక్ యాసిడ్‌తో 4కు దించిన బ్యాచ్ ఆ పరీక్షలో నెగ్గింది గానీ, 40 డిగ్రీల వద్ద మూడు నెలలు ఉంచేసరికి తేనెరంగుకు తిరిగింది. రెండింటికీ మధ్యగా 5 వద్ద నిలిపితే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండి. బెంజోయేట్ పనిచేసేది అయాన్లుగా విడిపోని బెంజోయిక్ ఆమ్ల రూపంలోనే. దాని పీకేఏ (సగం అణువులు అయాన్లుగా విడిపోయే పీహెచ్) 4.2 కనుక, పీహెచ్ 4.2 వద్ద సగం, 5 వద్ద దాదాపు 14 శాతం, 6 వద్ద రెండు శాతం లోపు మాత్రమే ఆ రూపంలో ఉంటుంది. పారాసెటమాల్‌ మాత్రం 5 నుంచి 7 మధ్య బాగా నిలుస్తుంది. పీహెచ్ 5 కంటే తగ్గి ఆమ్లత పెరిగితే అది జలవిశ్లేషణ చెంది పారా అమైనోఫినాల్‌గా మారే వేగం పెరుగుతుంది, ఆ అమైనోఫినాల్ ఆక్సీకరణం చెంది రంగు తెస్తుంది. కాబట్టి ముందు మందుకు కావలసిన పీహెచ్ ఖాయం చేసుకుని, ఆ పీహెచ్‌లో పనిచేసే ప్రిజర్వేటివ్‌ను ఎంచుకోండి. మిథైల్ పారాబెన్ 0.18 శాతం, ప్రొపైల్ పారాబెన్ 0.02 శాతం కలిపి వాడటం పాత పద్ధతే. వాటిని ముందుగా మీ ప్రొపైలీన్ గ్లైకాల్‌లో కరిగించండి. నేరుగా పాకంలో వేస్తే సరిగా కరగవు.

జవాబు 2:
రంగు నేరమంతా పారాసెటమాల్ మీద మోపలేం. సిట్రిక్ యాసిడ్‌ను ఏ దశలో కలిపారు? వేడి పాకంలో ఆమ్లం పడితే సుక్రోజ్ గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. ఆ ఫ్రక్టోజ్ నుంచి హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాల్ పుట్టి, పాకం క్రమంగా ముదురు రంగుకు వస్తుంది. పాకం గడ్డకట్టకుండా ఇళ్లలో నిమ్మరసం పిండడం వెనుక ఉన్న రసాయనం కూడా ఈ విడిపోవడమే. పాకం చల్లారాకే ఆమ్లం కలపండి. మందు వేయని ప్లాసిబో బ్యాచ్‌ను అదే పీహెచ్‌లో, అదే 40 డిగ్రీల వద్ద పక్కనే ఉంచితే, రంగు చక్కెరదో మందుదో తేలుతుంది.

ప్రశ్న అడిగినవారు:
వేడిగా ఉండగానే కలిపాను. ప్లాసిబో బ్యాచ్ ఈ వారమే పెడతాను. ఆరెంజ్ ఫ్లేవర్‌ కలవడానికి పాలిసార్బేట్ 80 వాడుతున్నాను. పారాబెన్లతో ఏమైనా ఇబ్బంది ఉందా?

జవాబు 1:
ఉంది. పాలిసార్బేట్ అణువులు గుంపుగా చేరి ఏర్పడే మైసెల్స్‌లో పారాబెన్లు చిక్కుకుని, నీటిలో స్వేచ్ఛగా ఉండే భాగం తగ్గిపోతుంది. రసాయన పరీక్షలో పారాబెన్ మోతాదు సరిగ్గానే కనిపిస్తుంది, ప్రిజర్వేటివ్ శక్తి మాత్రం తగ్గిపోతుంది. ఫ్లేవర్‌ను ప్రొపైలీన్ గ్లైకాల్‌లోనే కరిగించగలరేమో చూడండి. పీహెచ్‌ను 5.5 నుంచి 6 మధ్య పీహెచ్ మార్పును అడ్డుకునే సిట్రేట్ బఫర్‌తో నిలపండి. సిట్రిక్ ఆమ్లపు పీకేఏలలో రెండు 4.76, 6.40 కావడం వల్ల అక్కడ బఫర్ బాగానే పనిచేస్తుంది. ఆ తర్వాత సూక్ష్మజీవుల పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయవలసిందే.