జీప్ జేకే రాంగ్లర్ డానా 30 ఆక్సిల్‌కి 35 అంగుళాల టైర్లు: ముందు ఆక్సిల్‌లో మొదట దేనికి ఖర్చు పెట్టాలి?

కొండదారి:
అందరికీ నమస్కారం. బండి 2013 జేకే అన్‌లిమిటెడ్ స్పోర్ట్, 3.6 ఇంజిన్, ఆటోమేటిక్. ముందు ఆక్సిల్ డానా 30, వెనకది డానా 44, ఆక్సిల్ గేర్ల రేషియో 3.73. బండిని ఎత్తే రెండున్నర అంగుళాల లిఫ్ట్ వేసి 35 టైర్లు ఎక్కించాలని ఉంది. అమెరికాలోని మోయాబ్ రాళ్ల మీద తిరగాలి, హైవే మీద కూడా హాయిగా నడవాలి. రూబికాన్ (రాంగ్లర్‌లో ఆఫ్‌రోడ్ మోడల్) నుంచి తీసిన ముందు డానా 44 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. అది కొనేస్తే సరిపోతుందా?

రాతిబాట:
35లకి ఆ ఒక్క కారణంతో కొనకండి. రూబికాన్ ఆక్సిల్‌తో పెద్ద రింగ్ గేరు, లాకర్ (రెండు చక్రాల్నీ కలిపి తిప్పేది) వస్తాయి గానీ, ట్యూబులూ వాటి చివర, చక్రాన్ని మోసే నకిల్‌ని పట్టుకునే సీ-యోక్‌లూ మీ డానా 30లో ఉన్న మందమే. జేకేలో మొదట వంగేవి అవే. 35 టైరు బరువెక్కువ, పైగా బ్యాక్‌స్పేసింగ్ (హబ్‌కి బిగించే ముఖం నుంచి రిమ్ము లోపలి అంచు దాకా దూరం) తక్కువున్న రిమ్ము వేస్తే చక్రం బయటికి జరిగి, ప్రతి దెబ్బా యోక్ మీద ఇంకా గట్టిగా పడుతుంది.

ముందు అలైన్‌మెంట్ చేయించి కేంబర్ (చక్రం పక్కకి వాలిన కోణం) అంకెలు చూడండి. నెగెటివ్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) బాగా ఎక్కువుండి, టైర్లు లోపలి అంచున అరుగుతున్నాయంటే, బాల్ జాయింట్లు (నకిల్ తిరిగే కీళ్లు) బాగానే ఉన్నా హౌసింగ్ (ఆక్సిల్ బయటి గుల్ల) ఇప్పటికే వంగినట్టు. వంగినదానికి గసెట్లు (బలానికి వెల్డ్ చేసే పట్టీలు) వేస్తే ఆ వంకరే ఖాయమవుతుంది.

నిటారుగా ఉంటే వరస ఇది: బాల్ జాయింట్లు, షాఫ్టులు, క్యారియర్ (రింగ్ గేరుని మోసేది) అన్నీ విప్పేయాలి. ట్యూబుల్లోకి స్లీవులు (లోపలి గొట్టాలు) దింపి, ట్యూబుకి రంధ్రాలు చేసి ప్లగ్ వెల్డ్ చేయాలి. తర్వాత సీ-యోక్‌లకి పైనా కిందా గసెట్లు. యోక్‌ని ముందు వేడి చేసి, అంగుళం అంగుళం చొప్పున అటూ ఇటూ మారుస్తూ వెల్డ్ చేస్తేనే వేడికి లాగి వంకరపోకుండా ఉంటుంది. బాల్ జాయింట్లు ఉంచి వెల్డ్ చేసేవాళ్లున్నారు, ఆ వేడికి లోపలి గ్రీజూ లైనరూ పోతాయి. కొత్తవి హెవీ డ్యూటీవి వేసి, కింది నట్టు ముందు, పైది తర్వాత బిగించాలి. హబ్ బోల్టులు 75 ఫుట్-పౌండ్లకి, ఆక్సిల్ నట్టు 100కి బిగించాలి.

పినియన్:
గేర్ల సంగతి. మీ బండికి మొదట 225/75ఆర్16 టైర్లే వచ్చుంటే వాటి ఎత్తు సుమారు 29.3 అంగుళాలు. 3.73ని 35తో హెచ్చించి 29.3తో భాగిస్తే 4.46. అంటే 4.56 వేస్తే పాత ఊపు తిరిగొస్తుంది, బరువూ గాలి నిరోధమూ కలుపుకుంటే 4.88 మేలు. డానా 30లో 5.13 జోలికి పోవద్దు, రేషియో పెరిగేకొద్దీ పినియన్ (రింగ్ గేరుని తిప్పే చిన్న గేరు) చిన్నదై పళ్ల బలం తగ్గుతుంది. వెనక ఆక్సిల్‌కీ అదే రేషియో పడాలి, లేకపోతే ఫోర్ వీల్ వేయగానే బిగుసుకుపోతుంది.

క్యారియర్ బయట ఉండగానే లోపలి ఆక్సిల్ సీళ్లు మార్చేయండి. తర్వాత కారితే మళ్లీ మొత్తం విప్పాలి. బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య సందు) 0.005 నుంచి 0.008 అంగుళం. గేరు పళ్లకి రంగు పూసి తిప్పినప్పుడు అచ్చు పంటి మధ్యలో పడాలి. వేరుకి దిగితే పినియన్ మరీ లోతుగా ఉన్నట్టు, కొనకెక్కితే లోతు చాలనట్టు, షిమ్ (పలుచటి రేకు) మార్చాల్సిందే. మొదట ఇరవై మైళ్లు నెమ్మదిగా నడిపి అరగంట చల్లారనివ్వండి, 500 మైళ్లకి ఆయిల్ మార్చండి. కంప్యూటర్‌కి కొత్త టైరు, కొత్త రేషియో చెప్పడం మరచిపోతే స్పీడూ గేర్ మార్పులూ తప్పుతాయి.

కొండదారి:
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ముందు లాకర్ వేయించాలా? క్రోమోలీ (బలమైన మిశ్రమ ఉక్కు) షాఫ్టులు తర్వాత వేసుకోవచ్చా?

రాతిబాట:
రెండూ ఒకేసారి వేయించండి, లేదా రెండూ మానేయండి. లాకర్ వేశాక ఒక చక్రం గాల్లో ఉంటే టార్క్ అంతా రెండో వైపు షాఫ్టు మీదికే పోతుంది. మోయాబ్ రాయి టైరుని జారనివ్వదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే యూ-జాయింట్ (షాఫ్టు మలుపు తిరిగే కీలు) కప్పు బయటికి తన్నుకొచ్చి, షాఫ్టు చెవుల్ని విరిచేస్తుంది. క్రోమోలీ షాఫ్టు కొన్నా ఆ కప్పు ఊడకుండా పట్టే ఫుల్ సర్కిల్ క్లిప్పులున్నదే తీసుకోండి. ఇరుక్కున్నప్పుడు చక్రం కాస్త తిన్నగా తిప్పుకుని కదలడం ఏ షాఫ్టుకైనా మంచిది.

పినియన్:
37 అంగుళాల టైర్ల ఆలోచన ఏమాత్రం ఉన్నా ఇప్పుడే చెప్పండి. అప్పుడు డానా 30 మీద స్లీవులు, గేర్లు, లాకర్, షాఫ్టులు అని పెట్టే ప్రతి డాలరూ వృథా. మందపాటి ట్యూబులూ పెద్ద సీ-యోక్‌లూ ఉన్న కొత్త డానా 44 హౌసింగ్ నేరుగా కొనుక్కోండి. 35తోనే ఆగేట్టయితే టై రాడ్ (రెండు ముందు చక్రాల్నీ కలిపే కడ్డీ) కూడా లెక్కలో వేసుకోండి. ఫ్యాక్టరీది సన్నది, రాయి తగిలితే వంగుతుంది, దానితో టో (చక్రాల ముందువైపు దిశ) పోతుంది. లిఫ్ట్ వేశాక డ్రాగ్ లింక్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) సరిచేసి స్టీరింగ్ మధ్యకి తేకపోతే ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే వ్యవస్థ) లైటు వెలుగుతుంది.