చిన్న చెక్క ఇంటికి చర్చి కిటికీ ఎందుకు?

ఎండినకుంచె:
పోయిన నెల అయోవా రాష్ట్రంలోని ఎల్డన్ వెళ్లాం, గ్రాంట్ వుడ్ 1930లో వేసిన ‘అమెరికన్ గోతిక్’ బొమ్మలో వెనకాల ఉండే ఇల్లు చూద్దామని. 1881-82లో కట్టిందట. తీరా చూస్తే తెల్లరంగు వేసిన బుల్లి చెక్క ఇల్లు, పైన మాత్రం చర్చికి ఉండాల్సిన మొనదేలిన కిటికీ! మామూలు కుటుంబం కట్టుకున్న ఇంటికి ఈ దర్జా ఏంటి? ఉత్త డాబేనా?

రంపంపొట్టు:
డాబు కొంత ఉంది, కాదనను. దీన్ని కార్పెంటర్ గోతిక్ అంటారు, అంటే యూరప్ పాత చర్చిల గోతిక్ శైలిని వడ్రంగులు చెక్కలోకి దింపింది. ఆ చర్చిల్లో మొనదేలిన కమానుకి పని ఉండేది, పైనున్న రాతి బరువుని గుండ్రటి కమాను కంటే నిటారుగా కిందికి దించేది, పక్క గోడల్ని తక్కువ నెట్టేది. చెక్క ఇంట్లో మోయడానికి అంత బరువేముంది, ఆకారం ఒక్కటే మిగిలింది. 1840ల నుంచి ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ లాంటివాళ్లు ఇళ్ల నమూనాల పుస్తకాలు అచ్చు వేయించారు, ఊళ్లో వడ్రంగి అవి ముందు పెట్టుకుని ఆర్కిటెక్ట్ మొహం చూడకుండానే కట్టేసేవాడు, రాయి చెక్కాల్సిన చోట రంపం ఆడించేవాడు.
అయినా కిటికీ ఒక్కటే చూస్తే ఎలా, గోడ చూశారా? పలకలు అడ్డంగా కాదు, నిలువుగా వేసి సందుల మీద సన్న బద్దలు కొట్టారు. ఆ నిలువు గీతలు, బాగా ఏటవాలు కప్పు, దాని కింద కిటికీ మొన, మూడూ కలిసి చూపుని పైకే లాగుతాయి. అంత చిన్న ఇల్లు పొడుగ్గా కనిపించేది అందుకే.

అటకమీద:
అంత పలచటి చెక్క ఇంటికి ఆ కిటికీ ఏంటని వుడ్‌కే వింతగా అనిపించిందంటారు. అసలు ముందు నచ్చింది ఇల్లే, అలాంటి ఇంట్లో ఎలాంటి మనుషులుంటారా అని తర్వాత ఊహించుకున్నాడు. బొమ్మలో ఉన్నది ఆయన చెల్లెలు, ఆయన పళ్ల డాక్టరు. ఇద్దరూ కలిసి ఆ ఇంటి ముందు నిలబడనే లేదు, విడివిడిగా చూసి వేశాడు.

ఎండినకుంచె:
అరె, గోడ సరిగ్గా చూడనేలేదు. పక్కనున్న విజిటర్ సెంటర్‌లో ఆ బొమ్మలోలాంటి బట్టలిస్తే వేసుకుని ఫోటోలు దిగడంతోనే సరిపోయింది.

రంపంపొట్టు:
ఇంటి వెనక్కి వెళ్లారా? అటు గోడకి కూడా అలాంటి కిటికీయే ఉంది. వీధిలో పోయేవాళ్ల కోసమే డాబు అనుకుంటే, వెనకాల ఎవరి కోసం పెట్టినట్టు?