రామప్ప ఇటుక సరే, స్టీలు గిన్నె ఎట్లా తేలుతుంది?
మాది హనుమకొండ. మొన్న పిల్లల్ని రామప్ప గుడికి తీసుకెళ్లాను. 1213 నాటి ఆ గుడి శిఖరంలోని ఇటుకలు నీళ్లలో తేలుతాయట. లోపల గాలి నిండిన సన్న రంధ్రాలు ఉండడంతో నీటికన్నా తేలిక. ఇంతవరకు ఓకే.

ఇంటికొచ్చాక మా పాప బకెట్‌లో స్టీలు గిన్నె వేసింది, తేలింది. చెంచా వేస్తే బుడుంగున మునిగింది. "గిన్నెనే బరువు కదా నాన్నా?" అంది. గిన్నె తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది, ఓడ కూడా అంతే అన్నాను. వెంటనే గిన్నెను వంచి ముంచేసింది. "బరువు మారలేదుగా, ఎందుకు మునిగింది?" లోపలి గాలి పోయి నీళ్లు చేరాయి కాబట్టి అన్నాను, కరెక్టేనా?

మరి ఇటుకను రాత్రంతా నానబెడితే రంధ్రాల్లోకి నీళ్లు పోవా? తెలిసినవాళ్లు ఏడో తరగతి పిల్లకు అర్థమయ్యేలా చెప్పండి, ప్లీజ్.