అపాచీ కేమెల్ (సిస్టమ్‌ల మధ్య మెసేజ్‌లు నడిపే జావా ఫ్రేమ్‌వర్క్) రూట్‌లో ఎర్రర్ వస్తే మెసేజ్ క్యూలోకి తిరిగి రావడం లేదు

ప్రశ్న: యాక్టివ్‌ఎంక్యూ (మెసేజ్ క్యూలు నడిపే బ్రోకర్) నుంచి మెసేజ్ తీసుకుని డేటాబేస్‌లో రాస్తున్నాం. ట్రాన్సాక్టెడ్ ట్రూ (పని ఫెయిలైతే మెసేజ్‌ను క్యూకి వెనక్కి పంపే సెట్టింగ్) పెట్టినా, ఇన్‌సర్ట్ ఫెయిలైతే మెసేజ్ మాయం. ఎక్కడ చూడాలండీ?

జవాబు 1: ముందు ఆన్‌ఎక్సెప్షన్ (ఎర్రర్ వస్తే ఏం చేయాలో చెప్పే భాగం) చూడండి. అందులో హ్యాండిల్డ్ ట్రూ ఉంటే కేమెల్ లెక్కలో తప్పు తీరిపోయినట్టే, కమిట్ చేసేస్తుంది, మెసేజ్ క్యూలోంచి పోతుంది. అది తీసేయండి, లేదా మార్క్‌రోల్‌బ్యాక్‌ఓన్లీ (ట్రాన్సాక్షన్‌ను రోల్‌బ్యాక్, అంటే వెనక్కి తిప్పమనేది) చేర్చండి. మధ్యలో సెడా (రూట్‌ల మధ్య మెమరీలో ఉండే క్యూ) ఉందా? అక్కడ థ్రెడ్ మారుతుంది, ట్రాన్సాక్షన్ వెంట రాదు. దాని బదులు డైరెక్ట్ (అదే థ్రెడ్‌లో నడిచేది) వాడండి.

జవాబు 2: డీఎల్‌క్యూ (డెడ్ లెటర్ క్యూ, ఫెయిలైన మెసేజ్‌లు చేరే చోటు) కూడా చూడండి. డిఫాల్ట్‌గా 6 సార్లు తిరిగి పంపాక అక్కడికే పోతుంది. ట్రాన్సాక్షన్ క్యూ వరకే చాలంటే లేజీక్రియేట్‌ట్రాన్సాక్షన్‌మేనేజర్ (ట్రాన్సాక్షన్ మేనేజర్‌ను కేమెల్ తానే సృష్టించే సెట్టింగ్) ఫాల్స్ చేయండి. ట్రాన్సాక్షన్ మేనేజర్ పెడితే ఆటోగా ఉన్న క్యాష్ సెట్టింగ్ కాస్తా నన్ (ఏదీ దాచుకోకపోవడం) అవుతుంది, ప్రతి మెసేజ్‌కీ కొత్త కనెక్షన్. కనెక్షన్ పూల్ (తెరిచిన కనెక్షన్లను తిరిగి వాడేది) లేకుండా పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు: హ్యాండిల్డ్ ట్రూయే. తీశాక వెనక్కి వస్తోంది, ధన్యవాదాలు.

జవాబు 2: డేటాబేస్ కమిటయ్యాక క్యూ రోల్‌బ్యాక్ అయితే అదే మెసేజ్ మళ్లీ వస్తుంది. రెండోసారి రాయకుండా డేటాబేస్‌లో మెసేజ్ ఐడీ మీద యూనిక్ కీ పెట్టండి.