ఆయాను పెట్టుకునే ముందు ఏయే మెడికల్ పరీక్షలు అవసరం?

చంటిబిడ్డ తల్లి

మా పాపకు రెండో నెల. నా సెలవు అయిపోవస్తోంది. పగలు పాపను చూసుకోవడానికి, మధ్యాహ్నం అత్తగారికి ఇంత వండిపెట్టడానికి ఒకావిడను మాట్లాడుకున్నాం. మనిషి నాకు బాగా నచ్చింది. పాప మెడకింద చెయ్యి పెట్టి ఎత్తుకున్న తీరులోనే అనుభవం కనబడింది. అత్తగారికి షుగర్, పూటపూటా ఇన్సులిన్ పడాలి. అది కూడా తనే ఇస్తానంది.

ఏజెన్సీవాళ్ళు మాత్రం మెడికల్ చేయించాకే చేర్చుకోమంటూ పెద్ద చిట్టా పంపారు. ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్తపరీక్ష, మల పరీక్ష, గర్భ పరీక్ష, ఇంకా నాకు పేర్లు తెలియనివి కొన్ని. రిపోర్టులు ఆవిడకు ఇవ్వరట, నేరుగా మాకే పంపుతారట. ఖర్చు ఆవిడ మొదటి జీతంలో పట్టుకోమన్నారు. ఈ మాట చెప్పగానే ఆవిడ ముఖం మారిపోయింది. "ఏదన్నా వస్తే పని ఉండదామ్మా?" అంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

పాప గురించి నాకు భయం ఉంది. అలాగని ఒక మనిషిని అవమానించి ఇంట్లోకి తెచ్చుకోవాలనీ లేదు. వీటిలో నిజంగా కావలసినవి ఏవి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇద్దరు పిల్లల తండ్రి

అన్నీ చేయించేయండి. మొహమాటపడకండి. పిల్లల విషయంలో ఎంత ఎక్కువ తెలిస్తే అంత మంచిది. ఆవిడకు ఏ జబ్బూ లేకపోతే భయం దేనికి?

పగటి డ్యూటీ నర్సు

ఉద్యోగాల్లో కొత్తగా చేరేవాళ్ళకు ఫిట్‌నెస్ పరీక్షలు చేసే విభాగంలో పనిచేస్తాను. ఇళ్ళల్లో పనికి కుదిరేవాళ్ళు కూడా మా దగ్గరికి వస్తారు. ఇలాంటి చిట్టాలు చేతిలో పట్టుకుని బెంచీ మీద ముడుచుకుని కూర్చునే ఆడవాళ్ళను రోజూ చూస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

ఏ పరీక్ష రాసేముందైనా మేం రెండు సంగతులు చూస్తాం. ఆ జబ్బు ఈ పని వల్ల, అంటే బిడ్డను ఎత్తుకోవడం, వండటం, బట్టలు ఉతకడం వల్ల ఇంకొకరికి అంటుతుందా? ఫలితం చూశాక మనం చేసేది ఏమైనా మారుతుందా? రెండిటికీ కాదు అనే జవాబు వస్తే ఆ పరీక్ష ఎందుకు?

హెచ్‌ఐవీ కొట్టేయండి. ఎత్తుకుంటే, ముద్దుపెడితే, వండిపెడితే, ఒకే బాత్రూం వాడితే అది అంటదు. హెపటైటిస్ బి, సి కూడా కంచం వల్లా గ్లాసు వల్లా దగ్గు వల్లా రావు, రక్తం ద్వారా వస్తాయి. బి కి టీకా ఉంది, మీ పాపకు వేసే టీకాల్లో అది ఎలాగూ ఉంటుంది. గర్భ పరీక్షకు, పాపకు జబ్బు సోకడానికి సంబంధమే లేదు. ఆవిడ గర్భవతా కాదా అన్నది ఆవిడ సొంత విషయం. ఎక్స్‌రే తీసే ముందు రేడియాలజీవాళ్ళు ఆ ప్రశ్న ఆవిడనే అడుగుతారు, మీకు చెప్పరు, చెప్పకూడదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివారి కోసం 189వ నంబరు ఒప్పందం చేసింది. దానితోపాటే వచ్చిన 201వ సిఫారసులో ఇంటిపనివాళ్ళను హెచ్‌ఐవీ పరీక్షకు గానీ గర్భ పరీక్షకు గానీ బలవంతపెట్టకూడదనీ, ఆ వివరాలు చెప్పమని ఒత్తిడి చేయకూడదనీ రాసి ఉంది. వైద్య పరీక్షల వివరాలు గోప్యంగా ఉంచాలన్నది కూడా అందులోనే ఉంది.

క్షయ సంగతి వేరు. అది గాలి ద్వారా వస్తుంది, చంటిపిల్లల్లో మెదడు పొరలదాకా పాకగలదు. కాబట్టి దీన్ని అడగడం న్యాయమే. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రాలు జ్వరం, రాత్రిళ్ళు చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయేమో డాక్టరు అడగాలి, ఛాతీ ఎక్స్‌రే తీయాలి, అనుమానం ఉంటే కళ్ళె పరీక్ష చేయించాలి. చర్మం మీద చేసే మాంటూ పరీక్షను, ఇగ్రా అనే రక్తపరీక్షను మాత్రం చూసి భయపడకండి. అవి పాజిటివ్ వస్తే ఎప్పుడో క్రిమి ఒంట్లోకి చేరిందని అర్థం, జబ్బు ఉందని కాదు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి అలా చేరి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతం మంది. ఒంట్లో నిద్రపోతున్న క్రిమి పక్కవారికి అంటదు. క్షయకు వేసే బీసీజీ టీకా వేసుకున్నవాళ్ళకు మాంటూ ఊరికే పాజిటివ్ రావచ్చు కూడా. ఆ ఒక్క కాగితం చూసి పని పోగొట్టుకున్న ఆడపిల్లలు నాకు తెలుసు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఇక ఆ చిట్టాలో లేనివాటి గురించి. మీ పాప వయసుకు అసలు ముప్పు ఇక్కడే ఉంది. కోరింత దగ్గు! పెద్దవాళ్ళలో అది వదలని దగ్గులా ఉంటుంది, పని చేసుకుంటూ తిరుగుతారు. రెండు మూడు నెలల పిల్లల్లో దగ్గు కూడా రాకపోవచ్చు, ఊపిరే ఆగిపోవచ్చు. పాప టీకాలు ఇంకా మొదటి డోసుల దగ్గరే ఉంటాయి, పూర్తి రక్షణ రాదు. అందుకని బిడ్డ దగ్గరుండే పెద్దలందరూ కోరింత దగ్గును అడ్డుకునే టీడాప్ టీకా వేసుకోవాలి. ఫ్లూ టీకా ఆరు నెలలలోపు పిల్లలకు వేయరు, కాబట్టి అది కూడా చుట్టూ ఉన్నవాళ్ళే వేసుకోవాలి. ఆవిడకు మాత్రమే కాదండీ, మీకూ మీవారికీ అత్తగారికీ కూడా. చంటిబిడ్డలకు కోరింత దగ్గు ఎక్కువగా ఇంట్లోవాళ్ళ నుంచే వస్తుంది. తట్టు, ఆటలమ్మ ఆవిడకు చిన్నప్పుడు వచ్చాయో, టీకాలు పడ్డాయో కూడా డాక్టరు కనుక్కుంటారు.

ఇంకొకటి, ఇన్సులిన్ ఇస్తానన్నారు కదా. దగ్గరి చూపు పరీక్ష చేయించారా? నలభై దాటితే చాలామందికి సన్నగీతలు సరిగ్గా కనబడవు. ఇన్సులిన్ సిరంజిల్లో 40 యూనిట్లవి, 100 యూనిట్లవి అని రెండు రకాలున్నాయి. ఒక రకం సీసాకు ఇంకో రకం సిరంజి వాడితే మోతాదు రెండింతలకు పైగా తేడా వస్తుంది. ఆ చిట్టాలో పదిరకాల రక్తపరీక్షలున్నాయి, మీ అత్తగారి ప్రాణం ఆధారపడిన ఈ కళ్ళజోడు సంగతి లేదు. మూర్ఛ, కళ్ళు తిరగడం, మత్తు వచ్చే మందుల గురించి కూడా డాక్టరు ఏకాంతంలో అడగాలి. ఉన్నంతమాత్రాన పనికి పనికిరారని కాదు. పాపకు స్నానం ఇంకొకరు ఇంట్లో ఉన్నప్పుడు చేయించడం లాంటి ఏర్పాటు చేసుకోవచ్చు.

రిపోర్టులు ఆవిడవి, ఆవిడ చేతికే ఇవ్వాలి. మీకు రావలసింది ఒక్క ముక్క: "ఈ పనికి ఫిట్", లేదా "ఫలానా జాగ్రత్తతో ఫిట్". ఖర్చు మీరే పెట్టుకోండి. అడుగుతున్నది మీరు కదా.

ఇద్దరు పిల్లల తండ్రి

నర్సు గారూ, మీ మాట కాదనను, కానీ టైఫాయిడ్ సంగతేమిటి? ఏ లక్షణమూ లేకుండా వంటమనిషి నుంచి ఇంటిల్లిపాదికీ అంటిన కేసు అమెరికాలో జరిగిందిగా. అందుకే వైడాల్, మల పరీక్ష అడుగుతారు. దానికేమంటారు?

పగటి డ్యూటీ నర్సు

మంచి ప్రశ్న. మీరంటున్నది మేరీ మాలన్. న్యూయార్క్‌లో ఇళ్ళల్లో వంటచేసేది. ఆమె వండిన ఇళ్ళల్లో వరసగా టైఫాయిడ్ వచ్చింది, ఆమెకు మాత్రం ఏమీ లేదు. 1907లో పట్టుకెళ్ళి వేరుగా ఉంచారు. వంట మానేస్తానంటే 1910లో వదిలిపెట్టారు. బట్టలుతికే పని చూపించారు, దాంతో బతకడం కష్టమైంది. పేరు మార్చుకుని మళ్ళీ వంటలోకే వెళ్ళింది. 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో టైఫాయిడ్ రేగితే మళ్ళీ దొరికింది. 1938లో చనిపోయేదాకా బయటికి రానివ్వలేదు. నిజం తెలిస్తే కూడు పోతుందనుకున్న మనిషి నిజం దాచుకుంటుంది. ఆ కథలో నాకు ముందు కనబడేది అది.

ఇక పరీక్షల మాట. వైడాల్ చూసేది యాంటీబాడీలను. పాత జ్వరం వల్లా, టీకా వల్లా పాజిటివ్ రావచ్చు. క్రిమిని మోస్తున్నవాళ్ళను అది పట్టుకోలేదు. మల కల్చర్, అంటే మలంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష, పట్టుకోగలదు, కానీ క్రిమి రోజూ బయటపడదు, ఒక్క శాంపిల్ బాగుందంటే నమ్మడానికి లేదు. ఈమధ్య టైఫాయిడ్ వచ్చి తగ్గిన మనిషైతే వరసగా కొన్ని శాంపిళ్ళు చేయించడంలో అర్థం ఉంది. ఆరోగ్యంగా ఉన్న అందరికీ చేయించడం వల్ల ఫలితం లేదని, వంటపనివాళ్ళకు ఉద్యోగానికి ముందు చేసే ఇలాంటి మామూలు పరీక్షలు పనికిరావని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1989లోనే తేల్చారు. ఇవాళ పరీక్షలో బాగున్న మనిషికి రేపు విరేచనాలు పట్టుకోవచ్చు కదండీ.

ఆ రేపటి రోజున ఏం జరుగుతుందన్నదే ముఖ్యం. విరేచనాలు, వాంతులు తగ్గాక ఇంకో 48 గంటలు వంట జోలికి వెళ్ళకూడదు. జీతం కోస్తారని తెలిస్తే ఏ మనిషీ ఆ మాట మీకు చెప్పదు, మందు మింగి వచ్చి వండుతుంది. అందుకే పని కుదుర్చుకునేటప్పుడే గట్టిగా చెప్పండి, "ఒంట్లో బాగాలేకపోతే ఫోన్ చెయ్, రావద్దు, జీతం కొయ్యను" అని. చెప్పిన మాట మీద నిలబడండి. మీ పాపకు ఏ లాబ్ రిపోర్టూ ఇంత కాపలా కాయలేదు.

మంచంపట్టినవాళ్ళను చూసుకునే కేర్‌టేకర్

నేను చాలా ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. చాలా ఇళ్ళల్లో నా రక్తం తీయించారు, రిపోర్టు ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు. ఒక ఇంట్లో పనిలోకి రావొద్దన్నారు, ఎందుకో చెప్పలేదు. నాకేదో పెద్ద జబ్బుందని నిద్రపట్టలేదు. సొంతంగా డాక్టరుకు చూపించుకుంటే రక్తం తక్కువగా ఉంది, అంతే. ఐరన్ మాత్రలు వాడితే సరిపోయింది.

మాకు కూడా భయాలుంటాయమ్మా. ఆ ఇంట్లోవాళ్ళకు ఏం జబ్బులున్నాయో మాకెవరూ చెప్పరు. ఒక పెద్దాయన దగ్గర పనిచేస్తుంటే ఆయనకు గజ్జి ఉందని నాకు ఒళ్ళంతా దురద పట్టాకే తెలిసింది. ముందే చెప్పి ఉంటే గ్లవ్స్ వేసుకునేదాన్ని, ఇంటికెళ్ళి నా పిల్లలకు అంటించేదాన్ని కాదు. మీ అత్తగారికి సూది వేయాలంటున్నారు కాబట్టి అడుగుతున్నా, ఆవిడకు పచ్చకామెర్ల (హెపటైటిస్) పరీక్ష చేయించారా? సూది గుచ్చుకుంటే నష్టం మాకే. వాడిన సూదులు పడేయడానికి గట్టి డబ్బా పెట్టండి, మూత తిరిగి పెట్టమనకండి. అప్పుడే ఎక్కువగా గుచ్చుకుంటుంది.

మంచంలో ఉన్నవాళ్ళను ఎత్తే పనైతే నడుం గురించి అడగాలి. మమ్మల్ని తీసేయడానికి అడగొద్దు. మనిషిని మంచం మీద జరపడానికి జారుడు షీటు కొనాలా, ఇంకో మనిషి సాయం కావాలా అన్నది తెలుసుకోవడానికి అడగండి.

పగటి డ్యూటీ నర్సు

ఈ అక్క చెప్పింది నేనే రాయాల్సింది. అవును, ఇంట్లోవాళ్ళ జబ్బుల్లో పనికి సంబంధించినవి చేరేవాళ్ళకు చెప్పాలి. ఇన్సులిన్ ఇవ్వబోయే మనిషికి హెపటైటిస్ బి టీకా కూడా వేయించండి. సాధారణంగా మూడు డోసులు: ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరు నెలలకు ఒకటి. గజ్జి అయితే ఇంట్లో అందరికీ ఒకేసారి మందు పూయాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

చంటిబిడ్డ తల్లి

అందరికీ ధన్యవాదాలు. ఇవాళ ఆవిడను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాను. ఎక్స్‌రే, కళ్ళ పరీక్ష, టీకాలు మాత్రమే అని, రిపోర్టులు తన దగ్గరే ఉంటాయని, ఖర్చు మాదేనని చెప్పాను. అత్తగారి హెపటైటిస్ పరీక్ష మేమే చేయిస్తామన్నాను. అప్పుడు తనంతట తనే చెప్పింది, కొన్నేళ్ళ కిందట క్షయ వచ్చిందట, ఆరు నెలలు మందులు వాడి పూర్తి చేసిందట, ఆ కాగితాలు ఇప్పటికీ దాచుకుందట. మొన్న ముఖం మారింది అందుకేనట. ఇప్పుడు దగ్గు, జ్వరం ఏమీ లేవు. ఎక్స్‌రేలో పాత మచ్చ కనబడితే ఏజెన్సీవాళ్ళు గొడవ చేస్తారేమో. ఏం చేయమంటారు? టీకాలు వేశాక ఎన్నాళ్ళకు పాపను అప్పగించొచ్చు?

పగటి డ్యూటీ నర్సు

కోర్సు పూర్తిచేసిన కాగితాలు డాక్టరుకు చూపించమనండి. నయమైన క్షయ ఎక్స్‌రేలో మచ్చగా మిగలడం మామూలే, ఆ మచ్చ ఎవరికీ అంటదు. కావాలనుకుంటే డాక్టరే కళ్ళె పరీక్ష ఒకసారి చేయించి "ఫిట్" అని రాసిస్తారు. ఏజెన్సీకి ఆ ఒక్క కాగితం చాలు, పాత జబ్బు సంగతి ఆవిడ ఒప్పుకోకుండా మీరు వాళ్ళకు చెప్పకండి.

టీడాప్, ఫ్లూ టీకాలు రెండూ ఒకేరోజు వేయించుకోవచ్చు. రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, కాబట్టి మీరు ఆఫీసులో చేరే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని ఈ వారమే వేయించండి. మీరూ మీవారూ అత్తగారూ అదే రోజు వెళ్ళండి.