మా పల్లె జనాభా పట్టికను ఎలా చదవాలి?

ప్రశ్న: చిత్తూరు దగ్గరి మా చిన్న పల్లె చరిత్ర రాస్తున్నాను. 2011 జనగణన పట్టికలో షెడ్యూల్డ్ కులాలు, తెగల సంఖ్యలే కనిపిస్తున్నాయి. మిగిలిన కులాల లెక్కలు ఎక్కడ దొరుకుతాయో దయచేసి చెప్పగలరా?

జవాబు: అవి అందులో ఉండవండి. అన్ని కులాల లెక్కలనూ ప్రచురించిన చివరి జనగణన 1931 నాటిది. అక్షరాస్యత శాతం కట్టేటప్పుడు మాత్రం ఆరేళ్ల వరకు ఉన్న పిల్లలను తీసివేసి, మిగిలిన వారితోనే భాగించండి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

మరో జవాబు: తిరుపతి వైపున్న మా ఊరిలో యానాదుల ఇళ్లు చెరువుకట్ట కింద విడిగా ఉన్నాయి. జనగణన రెవెన్యూ గ్రామాన్ని ఒకే యూనిట్‌గా తీసుకుంటుంది కనుక, ఆ దూరం పట్టికలో కనిపించదు. వీధి వీధికీ వెళ్లి, పెద్దవారిని అడిగి రాసుకోండి. నేను అలాగే చేశాను.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. ఆదివారం దళితవాడ నుంచే మొదలుపెడతాను.