1966 మస్టాంగ్: ముందు డిస్కులు వేస్తే పాత మాస్టర్ సిలిండర్ పనికొస్తుందా?

మస్టాంగ్66:
బండి టెక్సాస్‌లో ఉంది. 1966 ఫోర్డ్ మస్టాంగ్, 289 వి8, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో తొక్కే బలం పెంచేది) లేదు. ముందు డిస్క్ కిట్ వేసి వెనక డ్రమ్ములు అలాగే ఉంచుతాను. పాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ని లైన్లలోకి నెట్టేది) చాలా? బూస్టర్ తప్పదా? చక్రాలు 14 అంగుళాలవి.

స్పానర్:
పాతది తీసెయ్యండి. 1966 దాకా మస్టాంగ్‌కి ఒకే గది మాస్టర్ వచ్చేది. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. పైగా డ్రమ్ మాస్టర్‌లో రెసిడ్యువల్ వాల్వ్ ఉంటుంది, పెడల్ వదిలాక కూడా లైన్‌లో 10 పీఎస్‌ఐ దాకా ప్రెషర్ ఆపుతుంది. డ్రమ్ములో రిటర్న్ స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. డిస్క్ బ్రేకులో ప్యాడ్లను నొక్కే కాలిపర్‌కి అలాంటి స్ప్రింగ్ లేదు. ప్యాడ్లు రోటర్‌ని (చక్రంతో పాటు తిరిగే డిస్కు) రాసుకుంటూనే ఉంటాయి.

రెండు గదుల డిస్క్/డ్రమ్ మాస్టర్ కొనండి. బూస్టర్ లేకపోతే బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 15/16 అంగుళం లేదా 1 అంగుళం ఉండాలి. అంతకన్నా పెద్దదైతే పెడల్ రాయిలా ఉంటుంది. పిస్టన్ వెనక గుంట లోతుగా ఉందో లేదో తప్పక చూడండి. బూస్టర్ రకంలో గుంట లోతు తక్కువ, పెడల్ నుంచి వచ్చే పుష్ రాడ్ జారిపోతే బ్రేకే ఉండదు. స్టాక్ 289కి బూస్టర్ తప్పనిసరి కాదు. ఇంజన్‌లో క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) మార్చి ఉంటే అసలు వద్దు, ఐడిల్‌లో వాక్యూమ్ చాలదు.

మస్టాంగ్66:
థాంక్సండీ. మరి లైన్లు?

గేజ్_పట్టిన_చెయ్యి:
పాత ఇత్తడి బ్లాక్‌లో ఒకే లైన్ లోపలికొచ్చి మూడుగా చీలుతుంది. వెనక లైన్ విప్పి ఆ రంధ్రానికి ప్లగ్ బిగించండి, బ్లాక్ ముందు చక్రాలకే మిగులుతుంది. వెనక్కి మాస్టర్ రెండో పోర్ట్ నుంచి విడిగా లైన్ వేసి, మధ్యలో అడ్జస్టబుల్ ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనక బ్రేకులకు వెళ్లే ప్రెషర్ తగ్గించేది) పెట్టండి. 3/16 అంగుళం స్టీల్ ట్యూబ్, చివర్లు డబుల్ ఫ్లేర్ (రెండు మడతలుగా వెడల్పు చేసినవి). రాగి ట్యూబ్, కంప్రెషన్ ఫిట్టింగులు వద్దే వద్దు.

ఆ వాల్వ్ మానేస్తే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి అడ్డం తిరుగుతుంది. వెనక ప్రెషర్ బాగా తగ్గించి, ఖాళీ స్థలంలో మెల్లగా పెంచుతూ వెళ్లండి. ఎప్పుడైనా ముందు చక్రాలే మొదట లాక్ కావాలి.

14 అంగుళాల చక్రాల విషయానికొస్తే, పాత డ్రమ్ రిమ్ముల్లో చాలావాటికి కాలిపర్ తగులుతుంది. కిట్ అమ్మేవాళ్ల దగ్గర కాగితం టెంప్లేట్ అడిగి తెచ్చుకుని రిమ్ములో పెట్టి చూశాకే డబ్బు కట్టండి.

బ్లీడర్_పైకి:
ఒక్క మాట కలుపుతాను. బ్లీడ్ చేసినా (లైన్లలో గాలి తీసేసినా) పెడల్ మెత్తగానే ఉందంటే, కాలిపర్లు ఎడమా కుడీ తారుమారయ్యాయేమో చూడండి. బ్లీడర్ స్క్రూ పైన ఉండాలి, కింద ఉంటే గాలి బయటికి రాదు. మాస్టర్‌ని బండికి ఎక్కించక ముందే బెంచ్ మీద బ్లీడ్ చెయ్యాలి. వరస: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. వెనక షూలు లూజుగా ఉన్నా పెడల్ లోతుకు పోతుంది, వాటిని ముందు సర్దండి. బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ 3 రకం చాలు. సిలికాన్ డాట్ 5ని దాంతో కలపకూడదు.

పుష్ రాడ్‌కి కాస్త ఆట (కదిలే ఖాళీ) వదలండి. అది లేకపోతే ఫ్లూయిడ్ రిజర్వాయర్‌లోకి వెనక్కి రాదు, కొత్త మాస్టర్‌తో కూడా ప్యాడ్లు పట్టేస్తాయి.